తేలికపాటి బల్ల ఎంపిక సంఘం

రామతులసి అడిగింది ఒక బల్ల. మడిచి సంచిలో పెట్టుకునేలా, ఆ సంచి భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కగలిగేంత తేలిగ్గా, విప్పి వేస్తే మనిషి బోర్లా పడుకోగలిగేలా ఉంటే చాలు. అంతకుమించి ఆమె ప్రభుత్వాన్ని ఏమీ కోరలేదు. ప్రభుత్వం కూడా కాదనలేదు. కాదని ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఆమెకు చాలాసార్లు అనిపించింది.

ఆమె కొత్తరేవు పట్టణంలో, ఉపశమన శాఖలో, కాంట్రాక్టు మీద పనిచేసే మర్దన చికిత్సకురాలు. నొప్పులతో ఆసుపత్రి దాకా రాలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి మెడలూ భుజాలూ నడుములూ దారిలో పెట్టి రావడం ఆమె పని. దానికి 'సంచార అంగమర్దన సేవా పథకం' అని పేరు పెట్టారు. ప్రారంభోత్సవం మాత్రం ఇంకా కాలేదు. పెద్దలకు తీరిక దొరికాక ఆ ముచ్చట చేద్దాం, ఈలోగా ఊరికే కూర్చోకుండా నాలుగిళ్లు తిరిగి రమ్మని ఆమెను పంపారు. ఆమె స్కూటీకి నూనె సీసాల సంచీ తగిలించుకుని తిరుగుతోంది.

చిక్కల్లా ఇళ్లలో సరైన చోటు దొరక్కపోవడమే. నులకమంచం మీద పడుకోబెడితే మనిషి గంపలో కూర్చున్న కోడిలా మధ్యకు దిగిపోయేవాడు. పరుపు మీదైతే ఆమె పెట్టిన బలమంతా దూదే తినేసేది. నేలమీదైతే రోగి నడుము బాగుపడే లోపల ఆమె మోకాళ్లు చెడేవి. విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు సుగుణమ్మగారి ఇంట్లో భోజనాల బల్ల గట్టిగా ఉండటంతో దాని మీదే దుప్పటి పరిచి పని కానిచ్చేది. బల్ల కావాలని పెట్టుకున్న అర్జీలో ఈ సంగతి కూడా ఉన్నదున్నట్టు రాసింది. చేసిన పొరపాటు అదొక్కటే.

అర్జీ ఆడిట్ విభాగానికి వెళ్లింది. 'భోజనార్థము ఉద్దేశింపబడిన బల్లపై పౌరురాలిని పరుండబెట్టుట ఏ నిబంధన ప్రకారము?' అని వాళ్లు అడిగారు. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. జవాబు లేని ప్రశ్నకు శాఖలో మొదటినుంచీ ఒకటే మందు. ఆ ప్రశ్నకు కారణమైన పనిని ఆపేస్తారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సూపరింటెండెంట్ భుజంగరావు దాన్ని ఆమెకు చదివి వినిపించాడు. ఆయన కళ్లజోడు ముక్కు చివర ఉంటుంది. ఫైలు చదివేటప్పుడు కళ్లజోడులోంచీ, మనుషుల్ని చూసేటప్పుడు దాని పైనుంచీ చూస్తాడు.

"'ఆమోదిత బల్లపై తప్ప అన్యత్ర అంగమర్దనము నిషిద్ధము.' మీ మాటే నెగ్గిందమ్మా. బల్ల లేకపోతే పని జరగదని మీరన్నారు. శాఖ ఒప్పుకుంది."

"మరి బల్లేదండీ?"

"అది ఎంపికవ్వాలి."

"అంతవరకూ?"

"అంతవరకూ పని జరగదు. మీరన్నట్టే కదమ్మా!"

*

ఎంపికకు సంఘం ఏర్పడింది. అధ్యక్షులు ఉపశమన శాఖ సంయుక్త సంచాలకులు పరబ్రహ్మంగారు. సభ్యులుగా ఒక ఇంజినీరుగారు, ఒక ఆడిట్ అధికారి. మినిట్స్ రాయడానికి భుజంగరావు. ఏ ప్రశ్న వచ్చినా చెప్పడానికి రామతులసి తలుపు దగ్గర కుర్చీలో కూర్చోవాలి.

పరబ్రహ్మంగారు మాట్లాడుతుంటే ఎదుటివాళ్లకు తాము ఏదో సభలో ఉన్నామనిపిస్తుంది. కాఫీ కావాలన్నా ఆయన అలాగే అడుగుతారు.

"మిత్రులారా! మన ముందున్న అంశం తేలికపాటి బల్ల. బల్ల అనగానేమో అందరికీ తెలుసు. తేలిక అనగానేమి? ముందుగా ఆ భావనను నిర్వచించుకోవలసి ఉన్నది."

"నేను మొయ్యగలిగితే తేలికేనండి" అంది రామతులసి.

"అది వ్యక్తిగతమైన తేలిక. ప్రభుత్వం వ్యక్తులను బట్టి నడవదమ్మా. రేపు మీ స్థానంలో ఒక భీమసేనుడు వస్తాడు, ఎల్లుండి ఒక అర్భకుడు వస్తాడు. ఎవరు వస్తే వారిని బట్టి తేలిక మారుతూ పోతే విధానం ఏం కావాలి?"

ఇంజినీరుగారు తన వంతు అందుకున్నారు. ఏ బరువు గల పౌరుడు ఈ బల్లపై పడుకుంటాడో ముందుగా తెలియదు కాబట్టి, రాష్ట్రంలోకెల్లా భారీ పౌరుణ్ణి దృష్టిలో పెట్టుకోవాలన్నారు. ఆ పౌరుడు నొప్పికి ఉలిక్కిపడితే? పక్కకు దొర్లితే? మర్దన చేసేటప్పుడు చికిత్సకురాలు కూడా ఆయన మీదికి ఎక్కితే?

"నేనెందుకు ఎక్కుతానండీ!" అంది రామతులసి.

"ఎక్కరని ప్రభుత్వం ఊహించుకోకూడదు" అన్నారు ఇంజినీరుగారు సౌమ్యంగా. బల్ల కాళ్లు అల్యూమినియం నుంచి ఇనుములోకి మారాయి.

ఆడిట్ అధికారి అంతవరకూ కళ్లు మూసుకుని వింటున్నాడు. ఇప్పుడు తెరిచాడు. "తేలికైనది తేలిగ్గానే పోతుంది సార్" అన్నాడు. "ప్రభుత్వ ఆస్తిని ఒక మనిషి ఎత్తుకుపోగలిగేలా మనమే తయారుచేయిస్తే, దొంగను ఆహ్వానించినట్టే." అందరూ ఉలిక్కిపడ్డారు. ఒక్క మనిషి ఎత్తలేనంత బరువుండాలని అప్పటికప్పుడు తీర్మానించారు. శాఖ పేరున్న ఇత్తడి పలక ఒకటి, కట్టేయడానికి గొలుసొకటి కలిశాయి.

కాఫీలయ్యాక వరదల మాట వచ్చింది. గోదావరి పొంగితే లంక ఊళ్లలో సేవ ఆగిపోకూడదు. అందువల్ల బల్ల నీళ్ల మీద తేలాలి. కింద రెండు పీపాలు బిగించాలన్నారు. 'తేలిక' అన్న మాటకు 'తేలు' అన్నదే మూలధాతువు కాబట్టి, ఆ మేరకు అసలు అర్జీకి కూడా న్యాయం జరిగినట్టేనని పరబ్రహ్మంగారు విశదీకరించారు.

తలుపు దగ్గరి కుర్చీలోంచి రామతులసి మెల్లగా అడిగింది. "మరి దాన్ని మోసుకుని నేను మెట్లెక్కాలి కదండీ?"

ఇంజినీరుగారు తన కొలతల కాగితం తిరగేసి చూసుకున్నారు. అప్పుడు పరబ్రహ్మంగారి ముఖం వెలిగింది.

"ఎనిమిదిమంది మోస్తే ఒక్కొక్కరికి ఎంత బరువు పడుతుంది?"

ఇంజినీరుగారు లెక్కకట్టి, "చాలా తేలిక సార్" అన్నారు.

"అంతే కదా మిత్రులారా! తేలిక అన్నది బల్ల లక్షణం కాదు. అది మోసేవారి సంఖ్యను బట్టి ఉంటుంది."

సభ్యులు బల్ల చరిచారు. రామతులసి కూడా చరిచింది, ఆ చప్పుడులో తన నిట్టూర్పు వినపడకుండా.

బల్లలు సరఫరా చేసే ఆసామీ వచ్చి ఆ కొలతలన్నీ చూసి నోరెళ్లబెట్టాడు. "అయ్యా, దీన్ని బల్లనరండీ, పంటు అంటారు. రేవులో వదిలితే జనాల్ని అవతలి ఒడ్డుకి చేరేసుకోవచ్చు" అన్నాడు. అయినా ఆర్డరు ఆర్డరే కనక ఒప్పుకున్నాడు. "తయారుచేయిత్తానండి, కొన్ని నెలలు పడతాది. ఈలోగా నా దగ్గరున్న మామూలు మడతబల్ల ఒకటి ఇక్కడ పెడతాను. పోల్చి చూసుకోడానికి పనికొత్తాది."

అలా కమిటీ గదిలోకి మడతబల్ల వచ్చింది. సన్నటి కాళ్లు, గోధుమరంగు రెక్సిన్, ముఖం పెట్టుకోడానికి గుండ్రటి కంత. రామతులసి దాని పట్టీ భుజాన వేసుకుని లేచి చూసింది. లేవగలిగింది. ఆ గదిలో అటూ ఇటూ నాలుగడుగులు వేసి, ఎవరూ చూడటం లేదనుకుని నవ్వుకుంది.

*

పోల్చాలంటే పరీక్షించాలి. పరీక్షించాలంటే దాని మీద ఎవరో పడుకోవాలి. పడుకున్నవాడికి మర్దన చేయాలి. ఆమోదం లేని బల్ల మీద మర్దన నిషిద్ధం కదా అని ఆడిట్ అధికారి గుర్తుచేశాడు. దానికి భుజంగరావు దగ్గర ఉపాయం ఉంది. "అది సేవార్థ మర్దనకు సంబంధించిన నిషేధం సార్. ఇది పరీక్షార్థ మర్దన."

ముందుగా పరబ్రహ్మంగారే త్యాగానికి సిద్ధపడ్డారు. పైవాళ్ల ముందు తల ఊపీ ఊపీ ఆయన మెడ ఏళ్ల తరబడి ఒకే పక్కకు పట్టేసి ఉంది. చొక్కా విప్పి, ముఖం కంతలో పెట్టి బోర్లా పడుకుని, "కానివ్వండి. నిష్పక్షపాతంగా చేయండి" అన్నారు.

రామతులసి పని తెలిసిన మనిషి. చేయి వేయగానే ముడి ఎక్కడుందో తెలిసిపోయింది. కాసేపటికి కంతలోంచి గురక వినిపించింది. సభ్యులు ఆయన్ని లేపడానికి సాహసించలేక, పంఖా వేగం తగ్గించి, ఆయన లేచేవరకూ మౌనంగా కూర్చున్నారు. 'అధ్యక్షులవారు బల్లను గాఢముగా పరిశీలించిరి' అని భుజంగరావు రాశాడు.

లేచాక పరబ్రహ్మంగారు తలను కుడికి తిప్పారు. ఎడమకు తిప్పారు. ఆ గదికి ఎడమవైపు కిటికీ ఉందన్న సంగతి ఆయనకు ఆ రోజే తెలిసింది.

"ఒక్క పరిశీలనతో నిర్ణయానికి రావడం తొందరపాటు" అన్నారు.

ఆ తర్వాత నెలకోసారి జరిగే సమావేశం వారానికోసారి జరిగింది. వారానికోసారిది రోజూ అయింది. ఇంజినీరుగారి నడుమూ, ఆడిట్ అధికారి పిక్కలూ పరీక్షలో పాల్గొన్నాయి. స్త్రీల దృష్టికోణం కూడా అవసరమని సభ్యుల భార్యలతో ఒక ఉపసంఘం వేశారు. వృద్ధుల దృష్టికోణానికి పరబ్రహ్మంగారి మామగారు వచ్చారు. ఆయన దృష్టికోణం చాలాసేపు పట్టేది. పక్క శాఖల అధికారులు 'పరిశీలకులు'గా తువ్వాళ్లతో సహా దిగేవారు. సంఘం గడువు పొడిగించాలని ఏకగ్రీవంగా తీర్మానించినప్పుడు సభ్యులు బోర్లా పడుకునే చేతులెత్తారు.

రామతులసి చేతులకు ఖాళీ లేదు. ఊళ్లో ఆమె కోసం ఎదురుచూసే ఒక్క నొప్పి కూడా తగ్గలేదు.

*

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ బస్టాండు పక్కన టిఫిను హోటల్ ముందు ఆగింది. హోటల్ యజమాని గవర్రాజుది ఆమె మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన కేసు. సైకిలు మీంచి పడి కుడిభుజం బిగుసుకుపోయింది. పొయ్యి వదిలి ఆసుపత్రికి వస్తే హోటల్ నడవదు కాబట్టి ఆమే అక్కడికి వెళ్లేది. చెయ్యి చెవిదాకా లేచే దశకు వచ్చింది. ఇప్పుడు మళ్లీ నడుం దగ్గరే ఆగిపోయింది.

ఆమె వెళ్లేసరికి ఆయన ఎడమచేత్తో పెసరట్టు తిరగేస్తున్నాడు. అది సగం పెనం మీదా, సగం బయటా పడింది.

"రండమ్మా రండి. ఆయ్, చూశారా మా అట్టు? గోదారి లంకలా రోజుకో ఆకారం. ఎప్పుడొత్తారమ్మా మళ్లీ?"

"బల్ల ఎంపికవ్వాలండి."

"ఇంకా అవ్వలేదా? నా బల్ల తీసుకోమనండి. ఆ మూలదుందిగా, ఏక టేకు. నలుగురు కూకుని తిన్నా కదల్దు."

"భోజనాల బల్ల పనికిరాదంటున్నారండి."

"ఓరి నాయనో! మడిసి పడుకుంటే బల్ల మైలపడిపోద్దా ఏంటండీ?" అని నవ్వబోయి, భుజం లాగడంతో పళ్లు బిగించాడు. ఆ ముఖం చూడలేక రామతులసి తల దించుకుంది. ఇప్పుడే ఇక్కడే చేయి పట్టుకుని సవరించేస్తే? ఆ పొద్దున్నే ఆమె చేతులు ఒక పరిశీలకుడి మామూలు బద్ధకాన్ని వదిలించి వచ్చాయి. నొప్పి ఉన్న భుజం మూరెడు దూరంలో ఉంటే ముట్టుకోకూడదట. ఆమె ముట్టుకుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు. గుమ్మంలో టీ తాగుతున్న శాఖ డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. గవర్రాజే ఆమె చేయి మెల్లగా తప్పించాడు.

"వద్దులెండి. మీ ఉజ్జోగం పోతే అప్పుడసలే దిక్కుండదు మాకు."

మర్నాడు పొద్దున ఆమె నేరుగా భుజంగరావు బల్ల ముందుకు వెళ్లి నిలబడింది. రాత్రంతా ఆయన్ని ఎన్ని అనాలో అన్నీ మనసులో అనుకుని వచ్చింది. తీరా చూస్తే ఆయన కుర్చీలో పక్కకు ఒరిగి, నడుము మీద చెయ్యి వేసుకుని, మూలుగుతూ మినిట్స్ రాస్తున్నాడు.

"ఏమైందండీ?"

"ఏమవ్వాలి? రోజూ మీటింగు. అందరూ పడుకుంటారు, నేను రాస్తాను. పడుకున్నవాడికి నడుం బాగుపడుతుంది, రాసినవాడికి పడిపోతుంది."

"మీరూ ఓ రోజు పరీక్షలో పాల్గొనకపోయారా?"

భుజంగరావు కళ్లజోడు పైనుంచి చూశాడు. ఆ చూపులో కోపం కన్నా పాత దుఃఖం ఎక్కువుంది. "నేను సభ్యుణ్ణి కాదమ్మా. కన్వీనర్ని. అడిగాను కూడాను. 'లేఖకుడు శయనించినచో లేఖనము ఎవరు చేయవలె' అన్నారు సార్."

రామతులసి అనాలనుకున్న మాటలన్నీ వెనక్కి పోయాయి. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. గవర్రాజు భుజం సంగతి చెప్పింది. సుగుణమ్మగారు మూడో అంతస్తులో మంచం పట్టి, స్కూటీ వస్తోందేమో కిటికీలోంచి చూడమని రోజూ చెల్లెలికి చెబుతున్న సంగతి చెప్పింది. "అక్కడ నొప్పులున్నవాళ్లు అలా ఉన్నారండీ. ఇక్కడ నేను రోజూ తోముతున్నవాళ్లలో ఒక్కరికీ నొప్పి లేదు. ఎప్పుడో పోయింది."

భుజంగరావు కలం ఆగింది.

"ఏమన్నారు?"

"ఒక్కరికీ నొప్పి లేదండి."

ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. దాన్ని ముక్కు మీద సరైన చోట చూడటం ఆమెకు అదే మొదటిసారి.

"నొప్పి లేని శరీరం మీద నొప్పి తగ్గించే బల్లను పరీక్షిస్తే..." అని సగంలో ఆపి, కొత్త కాగితం తీసుకున్నాడు. నడుం నొప్పితో, అసూయతో, ఇరవై ఏళ్లకు పైబడిన ఆఫీసు అనుభవంతో ఆయన రాసిన ఆ నోటు కంటే పదునైనది ఆ శాఖలో అంతకు ముందు పుట్టలేదు. 'నొప్పి లేని సభ్యులచే జరుపబడిన పరీక్షలు చెల్లునా? చెల్లని పక్షమున, ఇంతవరకు జరిగిన మర్దనములు పరీక్షార్థములా, సేవార్థములా? సేవార్థములైన పక్షమున, అవి నిషిద్ధములు కావా?'

*

నోటు చదివిన పరబ్రహ్మంగారి మెడ మళ్లీ పట్టేయబోయింది. ఆడిట్ అధికారి అయితే మంచినీళ్లు అడిగాడు. తన పిక్కల మీద తనే అభ్యంతరం రాయవలసిన పరిస్థితి అతనికి ఉద్యోగంలో ఎప్పుడూ ఎదురుకాలేదు.

"ఇప్పుడు కర్తవ్యం?" అన్నారు పరబ్రహ్మంగారు.

"సభ్యులకు నొప్పి ఉన్నట్టు డాక్టరు ధ్రువీకరిస్తే చాలు సార్" అన్నాడు భుజంగరావు.

డాక్టరు వచ్చి అందర్నీ వంచి చూశాడు, నిలబెట్టి చూశాడు. ఇంత ఆరోగ్యవంతమైన కమిటీని తాను ఎక్కడా చూడలేదని అభినందించి వెళ్లాడు. అభినందనలు విని సభ్యుల ముఖాలు పాలిపోయాయి. ఇంజినీరుగారు కాస్త కుంటుదామని ప్రయత్నించారు కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఒకే మార్గం సార్" అన్నాడు భుజంగరావు. "నొప్పిగల సభ్యులను చేర్చుకోవాలి. మొదటినుంచీ అదే మన ఉద్దేశమని, ఇంతవరకూ జరిగింది పరీక్షకు ముందస్తు పరీక్ష అని రాసుకుందాం."

'ఇంతవరకూ జరిగింది' అన్నదానికి ఒక పేరు దొరకగానే అందరికీ ప్రాణం లేచి వచ్చింది. నొప్పిగల సభ్యులు ఆఫీసుకు రాగలిగితే వాళ్లు నొప్పిగల సభ్యులే కారు కాబట్టి, బల్లే వాళ్ల దగ్గరకు వెళ్లాలని ఆడిట్ అధికారి స్వయంగా సూచించాడు. 'క్షేత్రస్థాయి పరీక్ష' అని దానికి పేరు పెట్టారు. మొదటి నొప్పిగల సభ్యుడిగా ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్నకు భుజంగరావు తలవంచుకుని తన పేరే చెప్పాడు. ఎవరూ కాదనలేకపోయారు. ఆయన నడుము మీద చెయ్యి వేసినప్పుడు రామతులసికి సభ్యులందరి మినిట్సూ అక్కడ గడ్డకట్టి ఉన్నట్టు తగిలింది.

మర్నాడు ఆమె మడతబల్ల భుజాన వేసుకుని సుగుణమ్మగారి మూడంతస్తుల మెట్లెక్కింది. మలుపుల్లో సంచీ గోడకు తగిలినప్పుడల్లా "జాగ్రత్తమ్మా" అని దానికే చెప్పింది.

సుగుణమ్మగారు బల్ల మీద పడుకున్నారు, లేచారు. చాలాకాలం తర్వాత గోడ పట్టుకోకుండా వంటింటి దాకా నడిచి వచ్చి కూర్చున్నారు. అప్పుడు రామతులసి ఇచ్చిన అభిప్రాయపత్రం ముందు పెట్టుకుని, చెల్లెల్ని కళ్లజోడూ ఎర్రకలమూ తెమ్మన్నారు.

"బల్ల బాగుందని రాస్తే ఏమవుతుందే?" అని రామతులసిని అడిగారు.

"పరీక్ష అయిపోయినట్టండి. తర్వాత లారీలో పెద్దబల్ల వస్తుంది. దాన్ని ఎనిమిదిమంది మోస్తారు."

"ఈ మెట్లమీదా?"

"ఈ మెట్లు ఎక్కదండి. మీరే దిగాలి."

సుగుణమ్మగారు తన ఉద్యోగకాలంలో ఏ పిల్లకూ అన్యాయంగా మార్కులు తగ్గించి ఎరగరు. కలం మూత తీసి ఒక నిమిషం కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత రాశారు: 'బల్ల చురుకైనది. కాని నిలకడ గురించి ఇప్పుడే చెప్పలేము. వచ్చే వారం మరల పరీక్షించవలెను.'

గవర్రాజు అంత సాహిత్యం జోలికి పోలేదు. "నాకేం తెల్దు, ఇంకా తేల్చుకోలేకపోతన్నానని రాసుకోండమ్మా" అన్నాడు. తన చెయ్యి చెవిదాకా లేచిన రోజున కూడా తేల్చుకోలేదు. పైకెత్తి చేతులు జోడించి దండం పెట్టిన రోజున మాత్రం, "నాకు నయమైపోయిందండి, నా కుర్చీ ఇంకోళ్లకి ఇచ్చెయ్యండి" అని తనే రాజీనామా చేశాడు. ఆ ఖాళీలో రిక్షా తొక్కే మనిషి ఒకడు సభ్యుడయ్యాడు. ఆయన తర్వాత చేపల బజారులో మెడ పట్టేసిన ఒకామె. చూస్తుండగానే కొత్తరేవులో సగం ఊరు ఎంపిక సంఘంలోకి వచ్చేసింది. పెళ్లిపత్రికల మీద పేరు పక్కన 'మాజీ సభ్యులు' అని వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. పని పెరిగి ఇద్దరు చికిత్సకురాళ్లనూ, మరో రెండు మడతబల్లలనూ 'తులనాత్మక పరీక్ష' కింద తెప్పించారు. ప్రతి సభ్యుడూ ఎంతో శ్రద్ధగా పరీక్షించాడు. ఒక్కరూ ఏ నిర్ణయానికీ రాలేదు.

*

ఇలా హాయిగా సాగుతుండగా పెద్దబల్ల తయారై వచ్చింది.

లారీలోంచి దాన్ని దించడానికి ఎనిమిదిమంది చాలలేదు. ఆఫీసు గుమ్మంలో పట్టలేదు. ఆవరణలో వేపచెట్టు కింద దించితే, ఇనుప కాళ్లతో, ఇత్తడి పలకతో, గొలుసుతో, పొట్ట కింద రెండు పీపాలతో గేదెలా నిలబడింది. అదే వారంలో రాజధాని నుంచి శాఖ కమిషనర్ గారు వస్తున్నారని కబురొచ్చింది. బల్ల ఎంపికను ప్రకటించి, పథకాన్ని ఆయన చేతుల మీదుగా లాంఛనంగా ప్రారంభించాలి. ఆ క్షణం నుంచీ ఆమోదిత బల్ల మీద తప్ప ఎక్కడా మర్దన ఉండదు.

రామతులసి ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. ప్రతి ఇంట్లోనూ, "వచ్చేవారం వస్తారుగా?" అంటే, "చూద్దామండీ" అంది.

కమిషనర్ గారు వచ్చారు. వేదిక లేకపోవడంతో ఆయన్నీ, పరబ్రహ్మంగారినీ, ఇంకా అరడజను పెద్దలనూ ఆ బల్ల మీదే కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. బల్ల చెక్కుచెదరలేదు. ఇంజినీరుగారు గర్వంగా దాని కాలు నిమిరారు. పట్టు రిబ్బను కట్టారు. కత్తెర పళ్లెంలో వచ్చింది.

కమిషనర్ గారు కత్తెర అందుకుని, ఉపన్యాసానికి పనికొస్తుందని కాబోలు, "ఇంతకీ ఇప్పటివరకు ఎంతమందికి ఉపశమనం కలిగింది?" అని అడిగారు.

"పథకం కిందనా సార్?" అన్నాడు భుజంగరావు. "ఎవరికీ లేదు సార్. ఇంకా ప్రారంభం కాలేదు."

"మరి ఈ జనమంతా ఎవరు?"

ఆవరణ నిండా జనం ఉన్నారు. సుగుణమ్మగారు మెట్లు దిగి, ఆటోలో వచ్చి, ముందు వరసలో నిటారుగా కూర్చున్నారు.

"సంఘ సభ్యులు సార్. పరీక్షలో బాగుపడినవాళ్లు."

కమిషనర్ గారు కత్తెర పట్టుకునే ఆలోచనలో పడ్డారు. ఆయన పర్యవేక్షణలో లాంఛనంగా ప్రారంభమైన పథకాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ ఇంతమంది బాగుపడిన మనుషులు స్వయంగా నడిచి రాలేదు. పరబ్రహ్మంగారి వైపు ఒరిగి, గొంతు తగ్గించారు. కానీ మైకు తగ్గించలేదు.

"ప్రారంభించకుండానే ఇంత పని జరిగిందా?"

"ప్రారంభించలేదు కనుకనే అని సవినయంగా..." అన్న పరబ్రహ్మంగారు, తానేమన్నదీ తనకే వినబడి ఆగిపోయారు.

"ఇప్పుడు ప్రారంభిస్తే?"

"నిబంధనలన్నీ అమలులోకి వస్తాయి సార్" అన్నాడు ఆడిట్ అధికారి కింద నుంచి. అతని గొంతులో ఎన్నడూ లేని బాధ ధ్వనించింది.

కమిషనర్ గారు రిబ్బను వైపు చూశారు. జనం వైపు చూశారు. రామతులసి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. కత్తెర మెల్లగా పళ్లెంలోకి తిరిగి వెళ్లింది.

"మిత్రులారా!" అన్నారాయన. "ఈ పథకం ఎంత గొప్పదంటే, దీనిని ప్రారంభించడం ఎవరి తరమూ కాదు."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ నెలలోనే రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ఎంపిక సంఘం తన పరీక్షలను నిరంతరాయంగా కొనసాగించాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ ఏ బల్లనూ ఎంపిక చేయరాదు. రామతులసిని కాంట్రాక్టు నుంచి తప్పించి పర్మనెంటు చేశారు. ఆమె హోదా 'శాశ్వత తాత్కాలిక పరీక్షకురాలు'. మిగతా శాఖలన్నీ తమ కొత్త పథకాలను ప్రారంభించకుండా నడిపే పద్ధతి నేర్చుకోవడానికి కొత్తరేవుకు అధికారులను పంపుతున్నాయి. వాళ్లకు పరబ్రహ్మంగారే పాఠం చెబుతారు, తలను రెండు వైపులకూ తిప్పుతూ.

మొన్న రేవు వీధిలో ఒక కొత్త సభ్యుడు చేరాడు. ఆర్టీసీ కండక్టరు. నిలబడీ నిలబడీ నడుము కొయ్యబారిపోయింది. రామతులసి మడతబల్ల విప్పి వేసి, పడుకోబెట్టి పని ముగించేసరికి ఆయన కళ్లు చెమర్చాయి. లేచి కూర్చుని బల్లను ఆప్యాయంగా తట్టాడు.

"అమ్మా, ఏం బల్లండీ ఇది! బ్రహ్మాండంగా ఉందని సంతకం పెట్టేత్తాను, ఇలా ఇవ్వండి."

రామతులసి కంగారుగా ఆయన భుజాలు పట్టుకుని మళ్లీ పడుకోబెట్టింది.

"అంత తొందరపడకండి బాబూ. పెద్దపెద్దవాళ్లే ఇంకా తేల్చుకోలేదు."